గాజుపూస మొదలు డీవీడీ దాకా: ఒక మైక్రోస్కోపు డైరీ

జూన్, మొదటి వారం

పెట్టె మీద '1200 రెట్లు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న బొమ్మ మైక్రోస్కోపుతో మొదలైంది ఈ పని. మా అక్క కూతురికి ఎవరో బహుమతిగా ఇచ్చారు. తను ఇంటర్ బైపీసీ. కొన్నాళ్ళు దానితో కుస్తీ పట్టి, చివరికి నా దగ్గరికి తెచ్చింది.

"మామయ్యా, లీవెన్‌హుక్ లెన్సు రెండొందల డెబ్భై రెట్లు కూడా పెంచేది కాదట. దాంతోనే బాక్టీరియా చూశాడట. మరి పన్నెండొందల రెట్లలో నాకు ఉల్లిపొర కూడా సరిగ్గా కనపడదేంటి?"

నోటితో చెప్పేస్తే రెండు నిమిషాల్లో అయిపోయే జవాబే. కానీ ఇలాంటివి చేతితో చేసి చూస్తేనే బుర్రకెక్కుతాయి. పైగా నాకూ ఎప్పటి నుంచో ఒక కోరిక ఉంది: 1670ల్లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి అయిన ఆ లీవెన్‌హుక్ చేసిన లాంటి ఒంటి లెన్సు మైక్రోస్కోపు ఒకటి సొంతంగా చేయాలని. దానికి తోడు, ఒక కాలేజీ వాళ్ళు ల్యాబ్ పాత సామాను అమ్మేసినప్పుడు తెచ్చుకున్న కాంపౌండ్ (ఒకటికి మించి లెన్సులుండే) మైక్రోస్కోపు అటక మీద ఉంది. రెండింటినీ సిద్ధం చేసి, బొమ్మ మైక్రోస్కోపును కూడా పక్కన పెట్టి, ఒకే వస్తువును మూడింటిలో చూడాలి. ఏది ఎంత సన్నని వివరం చూపిస్తుందో కొలవాలి. ప్లాను ఇంతే.

జూన్, రెండో వారం: గాజు కరిగించడం

లెన్సు అంటే అరగదీసి, మెరుగు పెట్టి తయారు చేయాల్సిందే అనుకుంటాం. చిన్న లెన్సుకు ఆ అవసరం లేదు. గాజును కరిగించి చిన్న బొట్టు చేస్తే, తలతన్యత దాన్ని గుండ్రంగా లాగేస్తుంది. ఏ మెరుగు రాయీ ఇవ్వలేనంత నున్నటి ఉపరితలం ఉచితంగా వస్తుంది. ఈ కిటుకును ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1665లోనే తన మైక్రోగ్రాఫియా పుస్తకం ముందుమాటలో రాసి పెట్టాడు. కార్క్ ముక్కలో గదులు చూసి వాటికి 'సెల్' అని పేరు పెట్టింది కూడా ఆ పుస్తకంలోనే. ఘనపు అంగుళం కార్కులో అలాంటి గదులు నూట పాతిక కోట్లకు పైగా ఉంటాయని లెక్క కూడా కట్టాడు.

పద్ధతి ఇది. సన్నని గాజు కడ్డీని మంటలో తిప్పుతూ వేడి చేయాలి. మెత్తబడగానే మంట బయటికి తెచ్చి రెండు చివరలు పట్టుకుని లాగాలి. తీగపాకం సాగినట్టు సాగి, వెంట్రుకంత దారం వస్తుంది. దాన్ని విరిచి, కొసను మళ్ళీ మంట అంచుకు చేర్చితే అది తనంతట తాను ముడుచుకుంటూ పైకి పాకి పూసవుతుంది. ఎంత దారాన్ని మింగనిస్తే పూస అంత పెద్దది.

చెప్పినంత తేలిక కాదు, కానీ భయపడేంత కష్టమూ కాదు. గమనించినవి కొన్ని: కొవ్వొత్తి మంట పనికిరాదు, పూస మీద మసి పడుతుంది. నేను వాడింది కేకుల మీద పంచదార కాల్చే చిన్న బ్యూటేన్ టార్చి, దాని నీలి మంట. ల్యాబ్ బీకర్ల గాజు బోరోసిలికేట్, అది ఈ మంటకు బద్ధకంగా కరుగుతుంది. మామూలు సోడాలైమ్ గాజు కడ్డీ అయితే చక్కగా లొంగుతుంది. దారం లాగేటప్పుడు ముక్కలు ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది, కళ్ళజోడు తప్పనిసరి. పూసకు కాస్త తోక మిగల్చాలి. పట్టుకోవడానికి అదే ఆధారం, చేతి జిడ్డు అంటదు.

చాలా పూసలు పోయాయి. కొన్నింట్లో బుడగలు, కొన్ని కోడిగుడ్డు ఆకారం. మంచివి ఏరి స్క్రూగేజ్‌తో కొలిచాను. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ తర్వాత ఆ పనిముట్టును ముట్టుకోవడం ఇదే. ఒకటి దాదాపు 2 మిల్లీమీటర్లు, ఇంకొకటి సుమారు 1 మిల్లీమీటరు. ఈ రెండే చాలు.

అన్నట్టు, రోడ్ల మీద తెల్ల గీతలు రాత్రి హెడ్‌లైట్ల వెలుగులో మెరిసేది కూడా పెయింటులో కలిపిన ఇలాంటి గాజుపూసల వల్లే. అవి మరీ చిన్నవి, పట్టుకుని బిగించలేం.

లీవెన్‌హుక్ తన మంచి లెన్సులు ఎలా చేశాడో బతికినంత కాలం ఎవరికీ చెప్పలేదు. మిగిలి ఉన్న వాటిల్లో ఎక్కువ రెట్లు పెంచేది నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ మ్యూజియంలో ఉంది, సుమారు 266 రెట్లు. రేకులు విప్పితే పాడవుతుందని ఎవరూ ముట్టుకోలేదు. 2021లో డచ్ పరిశోధకులు న్యూట్రాన్ కిరణాలతో లోపలికి చూశారు. ఇత్తడిని దాటి పోయే కిరణాలవి. లోపల ఉన్నది అరగదీసిన లెన్సు కాదు, కరిగించి చేసిన గాజుపూస, తోక ముక్కతో సహా! హుక్ అచ్చు వేయించిన పద్ధతికి సరిపోతుంది. మూడు వందల ఏళ్ళకు పైగా పెద్ద రహస్యమనుకున్నది, అందరూ చదవగలిగిన పుస్తకం ముందుమాటలో ఉందన్నమాట.

జూన్ చివర: పలక, స్క్రూ

హైదరాబాద్ బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపుకు వెళ్ళి రెండు ఇత్తడి రేకులు కోయించాను. ఒక్కొక్కటి రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు. మధ్యలో అర మిల్లీమీటరు రంధ్రం వేయమంటే ఆయన డ్రిల్ బిట్టును వెలుగులో పెట్టి చూసి, "గింత సన్న రంధ్రం దేనికి సార్? దోమ కూడా పోదు" అన్నాడు. దోమ కాలు చూడటానికే అని చెప్పాను. నవ్వి, డబ్బులు తక్కువ తీసుకున్నాడు.

రంధ్రం సన్నగా ఉండటానికి కారణముంది. గోళంలో మధ్య నుంచి వచ్చే కాంతి ఒక చోట, అంచు నుంచి వచ్చేది ఇంకో చోట కలుస్తుంది. అంచు కాంతిని అడ్డుకోకపోతే బొమ్మంతా మసక. 2 మి.మీ. పూసకు 0.5 రంధ్రం, 1 మి.మీ. పూసకు 0.4 రంధ్రం పెట్టాను. పూసను రెండు రేకుల మధ్య ఇరికించి, తోకను పక్కకు మళ్ళించి, మూలల్లో స్క్రూలు బిగించాను. లోపలి వైపు నల్ల మార్కర్ పూశాను, వెలుగు ఇత్తడి మీద పడి తిరిగి రాకుండా.

లెక్క కూడా ఇక్కడే రాసి పెడతాను. మామూలు గాజుతో చేసిన గోళానికి నాభ్యంతరం (లెన్సు నుంచి కాంతి కలిసే చోటికి దూరం) వ్యాసంలో ముప్పావు వంతు. 2 మి.మీ. పూసకు 1.5 మి.మీ. అన్నమాట. మామూలు కంటికి దగ్గరి వస్తువు హాయిగా కనిపించే దూరం 250 మి.మీ. అని లెక్క. దాన్ని 1.5తో భాగిస్తే దాదాపు 167 రెట్లు. 1 మి.మీ. పూసకు 0.75 మి.మీ., అంటే 333 రెట్లు. పూస చిన్నదయ్యే కొద్దీ శక్తి పెరుగుతుంది. తిరకాసు దూరంతో వస్తుంది. నాభ్యంతరాన్ని కొలిచేది గోళం మధ్య నుంచి. ఉపరితలం నుంచి చూస్తే మిగిలేది వ్యాసంలో పావు వంతే. చిన్న పూసకు పావు మిల్లీమీటరు! మామూలు గాజు స్లైడ్ మందమే ఒక మిల్లీమీటరు. కాబట్టి స్లైడ్‌ను తిరగేసి, 0.17 మి.మీ. మందం ఉండే కవర్‌స్లిప్ (వస్తువు మీద మూసే పలుచని గాజు) వైపు నుంచి చూడాలి.

ఫోకస్‌కు మామూలు 3 మి.మీ. స్క్రూ వాడాను. దాని మర దూరం, అంటే ఒక చుట్టుకు జరిగేది, అర మిల్లీమీటరు. వేలితో కొంచెం కదిపితే స్లైడ్ కొన్ని మైక్రోమీటర్లు జరుగుతుంది. గేర్లూ గట్రా ఏమీ అక్కర్లేదు. లీవెన్‌హుక్ కూడా స్క్రూలనే నమ్ముకున్నాడు, చూడాల్సిన వస్తువును సూది మొన మీద అతికించి.

జూలై: పూసలోంచి చూసినవి

కన్ను రేకుకు ఆనించాలి, కనురెప్ప వెంట్రుకలు ఇత్తడికి తగలాలి. కిటికీ వైపు, తెల్లటి ఆకాశం వైపు తిరిగి చూడాలి (సూర్యుడి వైపు పొరపాటున కూడా కాదు). మొదటి కొన్ని నిమిషాలు చికాకు. తర్వాత కన్ను అలవాటు పడుతుంది.

ఉల్లిపొర మీద ఒక చుక్క టింక్చర్ అయోడిన్. గదులు గోడ కట్టినట్టు వరసగా, ప్రతి దాంట్లో పసుపుపచ్చ కేంద్రకం. మా అమ్మాయి, అదే మా అక్క కూతురు, చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత బొమ్మ మైక్రోస్కోపును ఒకసారి, నా రేకును ఒకసారి చూసి, "ఇదేంటి, ఇందులో కుళాయిలూ గొట్టాలూ ఏమీ లేవు, అయినా ఇదే బాగుంది" అంది.

మొక్కల కణాల్లో కేంద్రకానికి న్యూక్లియస్ అని పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌన్ కూడా ఒంటి లెన్సు మైక్రోస్కోపు మనిషే. 1827లో పుప్పొడి లోంచి వచ్చిన రేణువులు నీళ్ళలో ఆగకుండా వణకడం, 1831 ప్రాంతంలో ఆర్కిడ్ ఆకుల్లో కేంద్రకం, రెండూ అలాంటి లెన్సుల కిందే చూశాడు. అప్పటికి రెండు మూడు లెన్సుల కాంపౌండ్ మైక్రోస్కోపులు వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. అయినా జాగ్రత్తపరులు ఒంటి లెన్సునే నమ్మారు. కారణం తేలికే. ఒక లెన్సు వేసే తప్పును రెండో లెన్సు పెంచి చూపిస్తుంది. ప్రతి గీత చుట్టూ ఎరుపు, నీలం అంచులు. ఒంటి లెన్సే స్పష్టంగా చూపిస్తుందని హుక్ కూడా ఒప్పుకున్నాడు. కాకపోతే కళ్ళు నొప్పి పుడతాయని దాన్ని పక్కన పెట్టి కాంపౌండ్‌తో బొమ్మలు గీశాడు. చిన్న పూసతో కాసేపు కూర్చున్నాక ఆయన బాధ అర్థమైంది.

చెరువు నీళ్ళకు ఒక చిట్కా: మధ్యలోని తేట నీళ్ళలో పెద్దగా ఏమీ దొరకదు. గుర్రపుడెక్క వేళ్ళను ఒక సీసాలో పిండండి. ఆ మురికిలోనే సంత ఉంటుంది. గంట ఆకారంలో ఉండి, కాడను స్ప్రింగులా లాగేసుకునే వోర్టిసెల్లా. ముందు భాగంలో రెండు చక్రాలు తిరుగుతున్నట్టు కనిపించే రోటిఫర్. పచ్చటి మెలిక రిబ్బన్ల స్పైరోగైరా. లీవెన్‌హుక్ 1674లో ఊరి దగ్గరి సరస్సు నీళ్ళలో చూసి రాసిన వాటిలో ఆ పచ్చ మెలికలు ఉన్నాయి. 1676 అక్టోబరులో మిరియాలు నానేసిన నీళ్ళలోని 'చిన్న జంతువుల' గురించి లండన్ రాయల్ సొసైటీకి పెద్ద ఉత్తరం రాశాడు. వాళ్ళు నమ్మలేదు. మరుసటి ఏడాది నవంబరులో హుక్ స్వయంగా అలాంటి నీళ్ళు తయారు చేసి సభ్యులకు చూపించాకే ఒప్పుకున్నారు. 1683లో తన పళ్ళ సందుల్లోని పాచి గీకి చూసి, అందులో కదిలే వాటిని బొమ్మలు గీసి పంపాడు.

పాపం ఆ బొమ్మ మైక్రోస్కోపులో వోర్టిసెల్లా కూడా కనిపించింది, ఒక బూడిదరంగు మరకగా.

జూలై చివర: అటక మీది మైక్రోస్కోపు

హర్యానాలోని అంబాలాలో తయారైన స్టూడెంట్ మోడల్. మన కాలేజీల్లో ఉండేవి చాలావరకు అక్కడివే. అద్దంతో వెలుగు, మూడు అబ్జెక్టివ్‌లు (వస్తువు వైపు ఉండే లెన్సులు), అవి పెంచే రెట్లు: 10, 40, 100. వాటి గొట్టాల మీద రెండో అంకె కూడా చెక్కి ఉంది: 0.25, 0.65, 1.25. అసలు కథంతా ఆ రెండో అంకెదే. దాని సంగతి వచ్చే నెల.

ఫోకస్ చక్రం బిగుసుకుపోయింది. పాత గ్రీజు లక్కలా గట్టిపడి ఉంది. విప్పి, కిరోసిన్‌తో తుడిచి, తెల్ల లిథియం గ్రీజు పలుచగా రాస్తే కదిలింది. ఐపీస్ (కన్ను పెట్టి చూసే వైపు లెన్సు) లోపల సాలెగూడు దారాల్లాంటి బూజు. మన వానాకాలం తేమకు లెన్సుల మీద ఫంగస్ పట్టడం మామూలే. ముందు గాలి బల్బుతో దుమ్ము ఊదేసి, లెన్స్ పేపర్‌ను కొద్దిగా స్పిరిట్‌తో తడిపి తుడిచాను. అబ్జెక్టివ్‌లను మాత్రం స్పిరిట్‌లో ముంచకూడదు. లోపలి లెన్సులను అతికించిన జిగురు దెబ్బతినొచ్చు. 40 అబ్జెక్టివ్ ముందు లెన్సు మీద ఎప్పటిదో ఆయిల్ ఎండిపోయి ఉంది. ల్యాబ్ మైక్రోస్కోపుల్లో ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే: 100కి ఆయిల్ వేసి చూసి, మళ్ళీ 40కి తిప్పుతారు. అది ఆయిల్‌లో మునుగుతుంది.

100 అబ్జెక్టివ్ మీద గీత పడి ఉంది, మార్చక తప్పలేదు. ఇక్కడ ఒక పాత మంచి నిర్ణయం పనికొచ్చింది. అబ్జెక్టివ్ మరను లండన్ మైక్రోస్కోపు సొసైటీ 1858లోనే ఒకే కొలతకు కట్టేసింది. అందుకే ఏ కంపెనీ పాత అబ్జెక్టివ్ అయినా దీనికి ఎక్కుతుంది, గొట్టం పొడవు 160 మి.మీ. అని రాసి ఉంటే చాలు. ఫోన్ చార్జర్ల పిన్నులే ఇన్ని రకాలు చూసిన మనకు ఇది వింతే.

అద్దానికి రెండు వైపులుంటాయి. కింద కండెన్సర్ (వెలుగును వస్తువు మీదికి చేర్చే లెన్సు) ఉంటే చదునైన వైపు, లేకపోతే పుటాకార వైపు వాడాలి. చాలా ల్యాబుల్లో ఇది ఎవరూ చెప్పరు.

చూస్తే, రంగు అంచులు దాదాపు లేవు. దీనికి జోసెఫ్ జాక్సన్ లిస్టర్‌కు దండం పెట్టాలి. లండన్‌లో వైన్ వ్యాపారి, ఆపరేషన్లలో క్రిములను చంపే పద్ధతి తెచ్చిన సర్జన్ లిస్టర్ తండ్రి. రెండు రకాల గాజు జోడించిన లెన్సులను ఎంత దూరంలో పెడితే ఒకదాని తప్పును ఇంకొకటి సరిచేస్తుందో 1830లో లెక్కతో చూపించాడు. కాంపౌండ్ మైక్రోస్కోపు నమ్మదగినదయ్యింది ఆ తర్వాతే.

ఆగస్టు: డీవీడీ పరీక్ష

ఇక అసలు కొలత. స్పష్టత కొలవడానికి కచ్చితమైన గీతలున్న పలకలు అమ్ముతారు, ఖరీదెక్కువ. నా దగ్గర అంతకంటే మంచి సరుకు ఊరికే పడి ఉంది. సీడీలో పక్కపక్క గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, డీవీడీలో 0.74. ప్రపంచమంతటా ఇవే కొలతలు. రాసిన సీడీ మీది వెండి పొరను టేపుతో పీకేస్తే పారదర్శకమైన ప్లాస్టిక్ మీద గాడులు మిగులుతాయి. డీవీడీ నిజానికి రెండు పలుచని బిళ్ళలు అతికించినది. అంచులో బ్లేడు పెట్టి విడదీయాలి. చిన్న ముక్కలు కత్తిరించి, గాడుల వైపు పైకి ఉండేలా స్లైడ్ మీద పెట్టాను.

10 అబ్జెక్టివ్, 15 ఐపీస్, మొత్తం 150 రెట్లు. సీడీ ముక్కలో సన్నని గీతలు కనిపించాయి, దువ్వెన పళ్ళంత వరుసగా. కండెన్సర్ కింద ఐరిస్ ఉంటుంది, వెలుగును సన్నగా చేసే తలుపు. దాన్ని మెల్లగా మూయమన్నాను మా అమ్మాయిని.

"మామయ్యా, గీతలు పోయాయి!"

"ఫోకస్ ముట్టుకోలేదుగా?"

"లేదు. తెరిస్తే వస్తున్నాయి. మూస్తే పోతున్నాయి. కానీ మూసినప్పుడు దుమ్ము మాత్రం ఇంకా బాగా కనిపిస్తోంది."

ఈ నెలంతా ఈ ఒక్క దృశ్యం కోసమే అనుకోవచ్చు. 1873లో జర్మనీలోని యేనాలో, కార్ల్ జైస్ మైక్రోస్కోపుల వర్క్‌షాపు కోసం పనిచేస్తూ ఎర్న్‌స్ట్ అబ్బే తేల్చిన విషయం ఇదే. గీతల మీద పడిన కాంతి నేరుగా వచ్చేది కొంత, పక్కలకు చెదిరేది కొంత. సీడీ మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపించేది ఆ చెదరడం వల్లే. గీతలు ఎంత దగ్గరగా ఉంటే కాంతి అంత ఎక్కువ వాలుగా చెదురుతుంది. నేరుగా వచ్చేదాన్నీ, చెదిరినదాన్నీ రెండింటినీ అబ్జెక్టివ్ పట్టుకుంటేనే బొమ్మలో గీతలు పుడతాయి. చెదిరిన కాంతి లెన్సు బయటికి పోయిందా, ఇక తర్వాత ఎన్ని రెట్లు పెంచినా అక్కడ గీతలే లేవు. ఐరిస్ తెరిస్తే వెలుగు వాలుగా కూడా వస్తుంది కాబట్టి, చెదిరిన కాంతిలో కొంత లెన్సులో పడుతుంది. మూస్తే పడదు.

అబ్జెక్టివ్ ఎంత వాలు కాంతిని పట్టగలదో చెప్పేదే ఆ రెండో అంకె, న్యూమరికల్ అపర్చర్. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఈ అంకెకు రెట్టింపుతో భాగిస్తే, చూడగల అతి సన్నని దూరం వస్తుంది. ఆకుపచ్చ కాంతి 0.55 మైక్రోమీటర్లు అనుకుంటే, 0.25కి 1.1, 0.65కి 0.42, 1.25కి 0.22. డీవీడీ గీతలు 10 అబ్జెక్టివ్‌లో ఏం చేసినా రాలేదు, రాకూడదు కూడా. 40లో ఐరిస్ తెరిచినప్పుడు వచ్చాయి, మూస్తే పోయాయి. లెక్క అద్దంలా సరిపోతే వచ్చే ఆనందం వేరు.

తర్వాత గాజుపూసలు. 2 మి.మీ. పూసలో సీడీ గీతలు లేవు. 1 మి.మీ. పూసలో ఉన్నాయి! మధ్యలో మాత్రమే, అంచుల వైపు మసక. డీవీడీ రెండింట్లోనూ లేదు. ఉట్రెక్ట్ లెన్సు విడదీసి చూపగలిగేది సుమారు 1.35 మైక్రోమీటర్లు. కాబట్టి నా పూస ఆ దరిదాపుల్లోకి వచ్చినట్టే. స్టాన్‌ఫర్డ్‌లో మనూ ప్రకాశ్ బృందం 2014లో ప్రపంచానికి చూపిన ఫోల్డ్‌స్కోప్, అదే మడతపెట్టే కాగితం మైక్రోస్కోపులో ఉన్నది కూడా ఇలాంటి గోళపు లెన్సే, 140 రెట్లు.

బొమ్మ మైక్రోస్కోపులో? 1200 రెట్ల దగ్గర సీడీ గీత ఒక్కటీ లేదు. అబ్జెక్టివ్ పట్టుకోని వివరాన్ని ఐపీస్ పుట్టించలేదు. మసకనే పెద్దది చేసి ఇస్తుంది. పనికొచ్చే పెంపు న్యూమరికల్ అపర్చర్‌కు వెయ్యి రెట్ల దాకానే అని ఒక మోటు లెక్క. 0.65కి 650, అంతే. మైక్రోస్కోపు కొనేటప్పుడు ఎన్ని రెట్లని అడగకండి, అబ్జెక్టివ్ మీది రెండో అంకె ఎంతని అడగండి. అంకె లేకపోతే దుకాణం మారండి.

0.2 మైక్రోమీటర్ల కంటే సన్నగా చూడాలంటే? ఒక దారి, తరంగాన్నే మార్చడం. ఎర్న్‌స్ట్ రుస్కా, మాక్స్ నోల్ 1931లో బెర్లిన్‌లో కాంతి బదులు ఎలక్ట్రాన్లు, గాజు బదులు అయస్కాంత చుట్టలు వాడారు. వైరస్‌ను మొదటిసారి చూపించింది ఆ దారే. రుస్కాకు నోబెల్ రావడానికి 1986 దాకా పట్టింది. కానీ శూన్యంలో పెట్టాలి కాబట్టి బతికున్న వోర్టిసెల్లాను దానిలో చూడలేం. ఇంకో దారి, మెరిసే అణువులను ఒక్కొక్కటిగా వెలిగించి వాటి చోటు లెక్కకట్టడం. 2014 కెమిస్ట్రీ నోబెల్ ఆ కోవ పనికే. ఈ రెండూ మన డాబా మీద అయ్యేవి కావు.

ఆగస్టు 20

ప్రపంచ దోమల దినం. 1897లో ఇదే రోజున సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పాత భవనం బేగంపేటలో, పాత విమానాశ్రయం దగ్గర ఇప్పటికీ ఉంది.

ఆయన మైక్రోస్కోపు పరిస్థితి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: నుదుటి చెమట, చేతి చెమట పడి స్క్రూలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్‌కు పగులు. పంకా ఊపించుకుంటే దోమ ముక్కలు ఎగిరిపోతాయని ఆ ఉక్కపోతలోనే కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమ కుట్టినందుకు ఒక్కో అణా తీసుకున్నాడు. ఆ చూసింది ఏమంత పెద్దదని? పన్నెండు మైక్రోమీటర్ల గుండ్రటి కణం. మా 10 అబ్జెక్టివ్‌లో కూడా కనిపించే సైజు! కనిపించడం కష్టం కాదు, దోమ పొట్ట కణాల మధ్య అది వేరేదని పోల్చుకోవడం కష్టం. గుర్తు పట్టించింది లోపలి నల్ల రేణువులు. రక్తాన్ని తిన్నాక మలేరియా పరాన్నజీవి మిగిల్చే రంగు అది. 1880లో అల్జీరియాలో ఫ్రెంచ్ డాక్టరు లావెరన్ రోగి రక్తంలో చూసింది కూడా ఆ రేణువులున్న జీవినే.

మేమూ తామర కుండీలోని దోమ పిల్లలను పట్టాం. తల కిందులుగా వేలాడుతూ తోక గొట్టం నీటి పైకి పెట్టేవి క్యూలెక్స్, ఏడిస్ జాతులు. నీటి ఉపరితలానికి సమాంతరంగా పడుకునేవి మలేరియా మోసే అనాఫిలిస్. మా కుండీలోవి వేలాడేవే. 4 అబ్జెక్టివ్ అరువు తెచ్చి చూస్తే, పారదర్శకమైన వీపు పొడవునా గుండె గొట్టం కొట్టుకుంటూ కనిపించింది. ఫోన్‌ను ఐపీస్‌కు ఆనించి దాన్ని వీడియో తీశాం. కుండీ నీళ్ళు మాత్రం ఆ సాయంత్రమే పారబోయించింది మా అక్క.

కాలేజీలకు అమ్మే తయారు మలేరియా స్లైడ్ ఒకటి కూడా చూశాం, 100 అబ్జెక్టివ్‌తో, ఆయిల్ వేసి. గాలి వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1, గాజుది 1.5 చిల్లర. మధ్యలో గాలి ఉంటే వాలు కాంతి బయటికి మళ్ళిపోతుంది. ఆయిల్ ఆ ఖాళీని గాజుతో సమానం చేస్తుంది. ప్రయోగం కోసం ఒక చుక్క ఆముదం కూడా వేసి చూశాను. దాని గుణకం 1.48 దాకా ఉంటుంది. పని నడిచింది, స్పష్టత కొంచెం తగ్గింది, తుడవడానికి మాత్రం ప్రాణం పోయింది. అసలు ఆయిలే మేలు.

సెప్టెంబరు: పెరుగు, ఊదారంగు మందు, నల్ల కాగితం

బతికున్న కణాలతో వచ్చే పెద్ద చిక్కు అవి నీళ్ళంత పారదర్శకంగా ఉండటం. విడదీసి చూపగల లెన్సు ఉన్నా, తేడా కనిపించకపోతే లాభం లేదు. మొదటి మందు రంగు. పెరుగు మీది తేటను స్లైడ్ మీద పలుచగా రాసి, ఆరనిచ్చి, మంట మీద రెండు మూడు సార్లు ఆడించి, మెడికల్ షాపులో దొరికే జెన్షన్ వయొలెట్ ఒక చుక్క. పిల్లల నోటి పూతకు రాసేవాళ్ళే, ఆ ఊదారంగు మందు. నిమిషం తర్వాత కడిగేశాను. 100 అబ్జెక్టివ్‌లో ఊదారంగు కడ్డీలు, జపమాల పూసల్లా కొన్ని గొలుసులు. 1884లో క్రిస్టియన్ గ్రామ్ బాక్టీరియాను రెండు వర్గాలుగా విడదీసిన పద్ధతిలో మొదటి మెట్టు ఈ జాతి రంగే. మిగతా మెట్లకు అయోడిన్, స్పిరిట్, సఫ్రనిన్ అనే ఎర్ర రంగు కావాలి. సఫ్రనిన్ ఇంకా రాలేదు.

రెండో మందు చీకటి. కండెన్సర్ కింద ఫిల్టర్ గూట్లో గుండ్రటి నల్ల కాగితం బిళ్ళ పెట్టాలి, చుట్టూ కొంచెం ఖాళీ వదిలి. నేరుగా వచ్చే వెలుగు ఆగిపోతుంది, వస్తువు మీద చెదిరినది మాత్రమే లెన్సులోకి వస్తుంది. నల్లటి ఆకాశం మీద రోటిఫర్లు వెండిలా వెలుగుతూ ఈదాయి. ఇది 10 అబ్జెక్టివ్‌కు బాగా పనిచేస్తుంది. 40కి బిళ్ళ ఇంకా పెద్దది కోయాలి.

మూడోది ఫేజ్ కాంట్రాస్ట్. కణం లోంచి వచ్చే కాంతి కొద్దిగా వెనకబడటాన్ని వెలుగునీడల తేడాగా మారుస్తుంది. డచ్ భౌతిక శాస్త్రవేత్త జెర్నికేకు 1953లో నోబెల్ తెచ్చింది ఇదే. రంగు వేయకుండా, చంపకుండా, విభజన జరుగుతున్న కణాన్ని చూడటం దీనితోనే తేలికైంది. దానికి ప్రత్యేక అబ్జెక్టివ్, దానికి సరిపోయే వలయం కావాలి. పాతది ఏదైనా దొరుకుతుందేమో వెతుకుతున్నాను.

రంగు వేసిన పెరుగు స్లైడ్‌ను చివరికి 1 మి.మీ. పూస కింద కూడా పెట్టాం. కవర్‌స్లిప్ లేకుండా, స్క్రూను గోటితో తాకినంతే కదుపుతూ. చాలాసేపు ఊదారంగు పొగ తప్ప ఏమీ లేదు. తర్వాత మా అమ్మాయి "చిన్న చిన్న గీతల్లా ఉన్నాయి, కొన్ని వంకరగా" అంది. నేను చూసినప్పుడు కూడా అంతే, లోపల ఏముందో తెలియదు కానీ పొడవు ఎటు, వెడల్పు ఎటు అన్నది తెలుస్తోంది. లీవెన్‌హుక్ 1683 బొమ్మల్లో ఉన్నది కూడా దాదాపు అంతే వివరం.

మిగిలిన పనులు: ముప్పావు మిల్లీమీటరు పూస ఒకటి చేసి 0.35 రంధ్రంతో బిగించాలి, దానికి అంత సన్న డ్రిల్ బిట్టు బాలానగర్‌లో ఉందో లేదో కనుక్కోవాలి. 40కి సరిపడే నల్ల బిళ్ళలు రకరకాల సైజుల్లో కోయాలి. బొమ్మ మైక్రోస్కోపును విప్పి దాని ప్లాస్టిక్ లెన్సు తీసేసి ఆ గొట్టంలో పాత 10 అబ్జెక్టివ్ ఎక్కించొచ్చని మా అమ్మాయి ఆలోచన. గొట్టం లోపలి కొలతలు తీసింది, మర కోసం ఒక రింగు చేయిస్తే సరిపోతుంది.